తేనెకుండల అసిరయ్య, డేగ చిన్నమ్మి

కొండ మీద డేగమ్మ కూకున్నాదీ, కూకున్నాదీ
కుండలోన ఈగమ్మ పాడుతున్నాదీ, పాడుతున్నాదీ
గాలమ్మ వొస్తాది, గడప దాటుతాది...

ఆ తర్వాత ఇంకా ఏదో ఉంది. "తలుపు" అనే మాట వస్తుంది అందులో. లేకపోతే "తలగుడ్డ" అనో. దంపుడు పాట అది. మా అమ్మా, మా పిన్నీ ఒకరి తర్వాత ఒకరు రోకలి వేస్తూ పాడేవారు. నేను పక్కన చేట పట్టుకుని కూర్చుని వినేదాన్ని. రోకలి పడ్డ చోట మాట వినబడేది కాదు. అందుకే ఆ పాట నాకు చిల్లులు పడ్డ గుడ్డలాగే వచ్చు. అక్షరాలు నేర్చుకున్నాక రాసిపెడదామనుకున్నాను. అప్పటికి పాడేవాళ్ళు లేరు.

పోనీలెండి. పాట పోయినా కథ ఉంది. ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, కునుకు తీసేవాళ్ళు కునుకు తీయండి.

అప్పుడెప్పుడో కొండలకి కాళ్ళుండేవంటారే, అవి నడిచి నడిచి సముద్రాన్ని చూసి ఆగిపోయాయంటారే, ఆ కాలానికి కాస్త ఇవతల ఒక ఊరుండేది. ఊరికి పడమర కొండ, తూరుపు సముద్రం. నడుమ సరుగుడు తోపులు, నాలుగు వరిమళ్ళు, గడ్డి కప్పిన మా ఇళ్ళు. ఆ ఊళ్ళో అసిరయ్య అని ఒకడుండేవాడు.

పొట్టివాడు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. పెళ్ళాం ఎప్పుడో కాలం చేసింది, పిల్లలు లేరు. ఊరి చివర, కొండదారి మొదట్లో అతని గుడిసె. అతనికి ఉన్నవి రెండే. గోడలో తేనెకుండలు, చేతి మీద డేగ.

గోడలో కుండలేమిటంటారా? మట్టిగోడ పెట్టేటప్పుడే కుండల్ని పక్కకి పడుకోబెట్టి గోడలో కలిపేశాడు. కుండ అడుగున చిన్న బెజ్జం, అది వీధి వైపు. తేనెటీగలకి అది గుమ్మం. కుండ మూతి ఇంటి లోపలికి, దానికి పెంకు మూత. అసిరయ్యకి ఇది గుమ్మం. లోపలి నుంచి మూత తీసి, ఇంత పిడక పొగ ఊది, పట్టు కోసుకునేవాడు. మూడు పట్లుంటే రెండు కోసేవాడు, మూడోది వాటికి ఉంచేవాడు. వీధిలో బెజ్జం ముందు ఎవరైనా నిలబడి కబుర్లు చెబుతుంటే ఊరుకునేవాడు కాదు.

"మీ గుమ్మంలో ఎవడైనా అడ్డంగా నిలబడితే ఊరుకుంటారేటి? తప్పుకోండి, ఆళ్ళు పనిలోకెల్లాల" అనేవాడు.

ఆ ఈగలకి ఒక శత్రువు ఉండేది. పసిరిక పిట్ట. చిలకంత పచ్చగా, చూడముచ్చటగా ఉంటుంది. ఎగిరే ఈగని ఎగిరినట్టే నోట కరుచుకుపోతుంది. కానీ అసిరయ్య గుడిసె మీద ఆ పిట్ట వాలేది కాదు. ఎందుకంటే గుమ్మం పక్కన కర్ర మీద డేగ కూర్చునేది.

ఆ డేగకి అతను పెట్టుకున్న పేరు చిన్నమ్మి. ఇంకా రెక్కలు రానప్పుడే కొండమీద గూట్లోంచి తెచ్చాడు. గుడ్డలో చుట్టి, తన పొట్టకి ఆనించుకుని పెంచాడు. పెద్దదయ్యాక ఎడమ చేతికి తోలు చుట్టుకుని దాని మీద కూర్చోబెట్టుకుని వేటకి తీసుకెళ్ళేవాడు. దాని కాలికి తోలుతాడు, తాడుకి చిన్న మువ్వ. పొదలోంచి పూరేడో కౌజో లేచిందంటే చెయ్యి ఇలా విసిరేవాడు. అది బాణంలా వెళ్ళేది. కొట్టేది. మువ్వ చప్పుడుని బట్టి అతను వెనకే పరుగెత్తేవాడు.

అది కొట్టిన మొదటి పిట్ట దానిదే. రెండో పిట్ట ఊళ్ళో ఏ ఇంట్లో బాలింతరాలు ఉంటే ఆ ఇంటిది. మూడో పిట్ట అసిరయ్యది. చాలా రోజులు మూడో పిట్ట దొరికేది కాదు. ఆ రోజుల్లో గంజిలో తేనె వేసుకు తాగేవాడు.

ఊళ్ళోవాళ్ళు అతన్ని ఆట పట్టించేవారు. ఎర్రన్న అని పడవవాడు ఒకడుండేవాడు, అతనికి నోరు ఊరుకునేది కాదు.

"ఏటి అసిరన్నా, మీ అమ్మికి సంబంధాలు సూస్తన్నావా లేదా?"

"సూడాలంటే బయమేస్తంది ఎర్రా. నీలాటోడు దొరికితేనో?"

నవ్వుకునేవారు. కానీ ఆ నవ్వుల అడుగున ఒక మాట ఉండేది. అది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు.

డేగ వేటగాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. గూట్లోంచి తెచ్చిన పిల్లని మూడు వానాకాలాలు పెంచుకోవచ్చు. మూడో వానాకాలం వెళ్ళాక దాని కాలి తాడు కోసి, మువ్వ విప్పి, కొండకేసి ఎగరెయ్యాలి. "కొండ కన్న పిల్ల కొండకే కోడలవ్వాల" అని ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు అనాలి. ఆ తర్వాత వెనక్కి చూడకుండా ఇంటికి రావాలి. అసిరయ్య నాన్న అలాగే చేశాడు, తాత అలాగే చేశాడు.

అసిరయ్య చెయ్యలేదు.

మూడో వానాకాలం వెళ్ళింది. "ఈకలు రాలుస్తంది, ఈ యేడు ఎలాగ పంపుతాను?" అన్నాడు. నాలుగోది వెళ్ళింది. "నాకు ఒంట్లో బాగునేదు" అన్నాడు. అయిదోది వెళ్ళింది. "పసిరిక పిట్టలు ఎక్కువైపోనాయి. ఇది లేకపోతే ఈగలేటైపోతాయి?" అన్నాడు. ఆ తర్వాత సాకు చెప్పడం కూడా మానేశాడు. అడిగేవాళ్ళూ మానేశారు. ఒంటరివాడి ఇంట్లో ఆ మువ్వ చప్పుడొక్కటే కదా అనుకున్నారు.

అలా ఉండగా, వరి పొట్టమీదున్న రోజుల్లో, గాలివాన కబురు వచ్చింది.

కబురు తెచ్చింది మనిషి కాదు. ముందు సముద్రం గొంతు మారింది. తర్వాత పీతలు ఇసక వదిలేసి వీధుల్లోకి వచ్చి మా అరుగులెక్కాయి. తర్వాత ఆకాశం తూరుపున రాగి చెంబు అడుగులా అయిపోయింది. మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు దాని అర్థం. ఆ సాయంత్రానికో, మర్నాటికో గాలివాన.

ఊరు ఊరంతా పనిలో పడింది. కప్పుల మీద వలలు పరిచి, వలలకి రాళ్ళు కట్టారు. విత్తనాలు కుండల్లో పోసి, మూతులకి మట్టి మెత్తి, నేలలో పాతారు. పశువుల పలుపులు విప్పేసి కొండవైపు తోలేశారు. కట్టేసిన గొడ్డు కట్టేసిన చోటే చస్తుంది కదా. పడవల్ని తోపులోకి ఈడ్చి, బోర్లించి, చెట్ల మొదళ్ళకి తాళ్ళతో కట్టారు. అసిరయ్య తన కుండల బెజ్జాలకి తడిమట్టి అద్దాడు, గాలి ఆడేలా గడ్డిపరకంత సందు ఉంచి. ఒక్కో కుండ దగ్గరా గోడకి నోరానించి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో ఈగలకే తెలియాలి.

ఇక మనుషులు. గాలివాన వస్తే మా ఊరివాళ్ళు దాక్కునేది కొండమీది గుహలో. దాని పేరు ఏనుగునోరు. కానీ గాలివాన వచ్చి చాలా ఏళ్ళయింది. ఈ మధ్య ఎవరూ గుహ మొహం చూడలేదు. ఊడ్చి రమ్మని ఎర్రన్నని పంపారు. పొద్దున్నే వెళ్ళినవాడు వెళ్ళినంత వేగంగా దిగివచ్చాడు.

ఎదురుగా మా మేనత్త బోడెమ్మ ఉంది. బోడెమ్మత్తది గంగాళం గొంతు. ఆవిడ వీధిలో నిలబడి "ఉప్పుందేటర్రా" అని అడిగితే, కొండ అవతలివాళ్ళు ఉప్పు పట్టుకుని బయల్దేరేవారంటారు.

"ఒలమ్మో! నీ మొకం ఏదిరా?" అంది.

"ఇందులోనే ఎక్కడో ఉందప్పా" అన్నాడు ఎర్రన్న. కళ్ళు కనబడటం లేదు, పెదాలు గారెల్లా ఉబ్బాయి. "కొండీగలు... గుహ మూతి నిండా పట్లు పెట్టేసినాయి."

కొండీగలంటే కుండ ఈగలు కావు. వేలెడంత ఉంటాయి. ఒక్కటి కుడితే జ్వరం, పది కుడితే పాడె. గుహ మూతి పైన రాతికి పట్లు వేలాడుతున్నాయి. లోపలికి వెళ్ళాలంటే వాటి కిందుగానే వెళ్ళాలి.

ఊరి పెద్ద దాలినాయుడు తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "కాగడాలు కట్టండి. కాల్చేద్దాం."

"బాబూ, గాలి సముద్రం నుంచి కొండకి కొడతంది" అన్నాడు అసిరయ్య. "పొగంతా గుహలోకే పోద్ది. చచ్చినవి చావగా మిగిలినవి మన మీదికొస్తాయి. ఆటికీ పిల్లలున్నాయి, ఆటికీ గాలివానే. ఆళ్ళు మనింటికి రాలేదు, మనమే ఆళ్ళ గుమ్మంలోకి పోతన్నాం."

"అయితే పిల్లల్ని సముద్రానికి ఇచ్చెయ్యమంటావేటిరా?"

"నడిపిస్తాను బాబూ. అందర్నీ. ఒక్క ఈగ లెగకుండా."

మూడు మాటలు చెప్పాడు. వాసన వద్దు. మాట వద్దు. చెయ్యి ఊపొద్దు. ఈగ వచ్చి వాలితే వాలనివ్వండి, చూసుకుని అదే పోతుంది. కొడితే మాత్రం చచ్చిన ఈగ తన వాళ్ళందర్నీ కేకేస్తుంది.

ఆడవాళ్ళందరూ కొండ కింద ఏటిలో దిగి బూడిదతో తలనూనె కడుక్కున్నారు. పూలు తీసి నీళ్ళలో వదిలేశారు. ఒక కొత్తకోడలు పూలు తీయనని ఏడ్చింది, వాళ్ళత్త తన కొప్పులోవి ముందు తీసి చూపించింది. మొగాళ్ళు చుట్టలు పారేశారు. చంటిపిల్లల తల్లులు పిల్లల నోటికి పాలు అందించి, కొంగు కప్పారు. అందరం వరసలో నిలబడ్డాం, ముందువాళ్ళ భుజం మీద వెనకవాళ్ళ చెయ్యి. నాకు అప్పుడు పాలపళ్ళు ఊడుతున్నాయి. భుజం అందక బోడెమ్మత్త చెంగు పట్టుకున్నాను.

అందరికన్నా ముందు అసిరయ్య. అతని చేతి మీద చిన్నమ్మి.

గుహ కనబడింది. రాతికి వేలాడుతున్న పట్లు తడిసిన గోనెసంచుల్లా నల్లగా ఉన్నాయి. అసిరయ్య ఒక అడుగు ముందుకేశాడు. పట్టు మీద ఒక అల పాకింది. గాలికి వరిచేను ఒంగినట్టు, ఈ చివరి నుంచి ఆ చివరికి. అతను వెనక్కి తగ్గాడు. అల ఆగింది. మళ్ళీ అడుగేశాడు. మళ్ళీ అల. వెనక్కి తగ్గాడు, ఆగింది. మూడోసారి వేశాడు. ఈసారి అలతో పాటు బుస్సుమని చప్పుడు కూడా వచ్చింది.

మేమందరం అతని మొహంకేసి చూశాం. అతను తన చేతికేసి చూసుకున్నాడు.

అందర్నీ కిందికి, వంపు దాకా దింపేశాక అన్నాడు: "దీన్నే సూస్తన్నాయి. కొండీగకి ముక్కు వొంకరున్న పిట్టేదైనా దొంగే. పట్టు చీల్చి తినే గద్ద ఏదో, నా అమ్మి ఏదో ఆటికేటి తెలుస్తాది?"

"ఒదిలెయ్యి మరి" అన్నాడు దాలినాయుడు.

అసిరయ్య మొలలోంచి కత్తి తీశాడు. కాలి తోలుతాడు కోశాడు. మువ్వ విప్పాడు. చెయ్యి విసిరాడు.

"కొండ కన్న పిల్ల కొండకే కోడలవ్వాల!"

అది ఎగిరింది. తిరిగింది. వచ్చి అతని చేతి మీదే వాలింది.

మళ్ళీ విసిరాడు. ఎగిరింది. తిరిగింది. వచ్చి చేతి మీదే వాలింది. మూడోసారి తోలు కూడా విప్పేసి, చేతులు వెనక్కి దాచుకున్నాడు. ఎగిరింది. తిరిగింది. చెయ్యి కనబడక అతని నెత్తి మీద వాలింది. గోళ్ళు దిగి నుదుటి మీద రక్తం కారింది. వేరే రోజైతే ఊరంతా నవ్వేది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. సముద్రం మీద అలల కొసలు తెల్లగా కనబడుతున్నాయి.

"గుడ్డ చుట్టి తట్టలో పెట్టరా" అన్నాడు దాలినాయుడు.

"అరుస్తాది బాబూ. ఆ అరుపుకి మొత్తం లేస్తాయి."

"ఇంటికాడ కట్టేసి రా."

"ఇల్లు ఉంటాదా?"

అప్పుడు ఎర్రన్న అన్నాడు, ఉబ్బిన పెదాలతో, నెమ్మదిగా. "మెడ తిప్పెయ్ అసిరన్నా. పిట్టే కదా."

ఆ మాటకి అతన్ని నేను తప్పుపట్టను. అతని పెళ్ళానికి నెలలు నిండాయి, ఒక చేత్తో నడుం పట్టుకుని మరో చేత్తో అతని భుజం పట్టుకుని నిలబడి ఉంది. అసిరయ్య కూడా తప్పుపట్టలేదు. ఆమెకేసి చూశాడు, పిల్లలకేసి చూశాడు, డేగని నెత్తి మీంచి దించి గుండెకి ఆనించుకున్నాడు.

"తప్పు నాదిరా ఎర్రా. మూడో వానకే పంపాల్సింది. నేను ఒదల్లేకపోనాను. ఇప్పుడిది పోలేకపోతంది. నా తప్పుకి దాని మెడ ఎలాగ తిప్పుతాను?"

గాలి అతని గొంగళి ఎగరేస్తోంది.

"చంపలేను. కట్టేసి రాలేను. మీతో తేలేను. ఇది నేనున్న కాడే ఉంటాది. కాబట్టి నేను అటు పోతాను, మీరు ఇటు పోండి."

అటు అంటే సముద్రం వైపు. తోపులో బోర్లించిన పడవల వైపు.

ఎవరో ఏదో అనబోయారు. అసిరయ్య వినలేదు. తిన్నగా బోడెమ్మత్త దగ్గరికి వచ్చాడు.

"ఒదినా, నువ్వు ముందు నడు."

"నేనా! నోరు మూసుకోడం నా వల్లేటవుద్దిరా?"

"అందుకే. నీకు ఎంత కష్టమో ఊరందరికీ తెలుసు. నువ్వు మూసుకున్నావంటే ఇంక తెరిచేవోడు ఎవుడు?"

ఆవిడ బదులు చెప్పడానికి నోరు తెరిచింది. మూసేసింది.

"అదీ" అన్నాడు అసిరయ్య. నవ్వాడు. దిగిపోయాడు.

మేం నడిచాం. బోడెమ్మత్త ముందు, నేను ఆవిడ చెంగు పట్టుకుని వెనక, నా వెనక ఊరంతా. పట్ల కిందికి వచ్చేసరికి ఆ రొద చెవుల్లో కాదు, పళ్ళలో వినిపించింది. ఊగుతున్న నా పాలపన్ను ఇంకా ఊగింది. ఒక ఈగ వచ్చి నా చెంప మీద వాలింది. ఎంత బరువుందో! ముక్కు దాకా నడిచింది. కంటి కింద ఆగింది. నాకు కన్నీళ్ళు వచ్చాయి. అది ఆ తడిని చూసుకుంది. తాగిందో ఏమో, నాకు తెలీదు. ఎగిరిపోయింది. పిల్లలు ఏడవలేదు. ముసలివాళ్ళు దగ్గలేదు. ఎర్రన్న పెళ్ళాం పెదవి రక్తం వచ్చేలా కొరుక్కుంది కానీ మూలగలేదు. అల లేవలేదు. ఒక్కసారి కూడా లేవలేదు.

లోపలికి వెళ్ళాక వెనక్కి తిరిగి చూశాం. కింద ఇసకలో ఒక చిన్న మనిషి నడిచిపోతున్నాడు. అతని తల మీద ఒక పిట్ట సున్నాలు చుడుతోంది. అంతలో వాన తెర వేసేసింది.

గాలివాన గురించి ఏం చెప్పను? మూడు గొంతులతో అరిచింది. మొదట తిరగలిలా అరిచింది. తర్వాత గాయపడ్డ అడవిపందిలా అరిచింది. ఆఖరికి మనిషిలా అరిచింది. అప్పుడే అందరికీ భయమేసింది, ఎందుకంటే అందరికీ ఒకే మనిషి గుర్తుకొచ్చాడు. గుహ మూతిలో కొండీగలు ఒకదాన్నొకటి పట్టుకుని తెరలా వేలాడాయి. వాటి వెనక మేము ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని కూర్చున్నాం. లోపల గొణుక్కున్నా ఫర్వాలేదని తెలిశాక అందరూ గుసగుసలాడారు. బోడెమ్మత్త మాత్రం మాట్లాడలేదు. "అత్తా, ఆకలేస్తంది" అని నేనంటే వేలితో నా నోరు మూసింది.

గాలి ఆగింది. మళ్ళీ అలాగే, భుజం మీద చెయ్యి వేసుకుని, పట్ల కిందుగా బయటికొచ్చాం. ఊరు లేదు. వలలు కప్పిన కప్పులు వలలతో సహా పోయాయి. తోపులో చెట్లు దువ్విన జుట్టులా అన్నీ ఒకే వైపు పడుకున్నాయి. పడవలు ఎక్కడివక్కడ లేవు. కొన్ని ఇసకలో సగం దాకా కూరుకున్నాయి.

అప్పుడు బోడెమ్మత్త నోరు తెరిచింది.

"ఒరే అసిరిగా!"

జవాబు లేదు.

"ఒరే అసిరిగా! ఉన్నావట్రా?"

జవాబు లేదు.

"ఒరే అసిరిగా! పలక్కపోయేవో, నీ కొంప తీసి తగలెడతాను!"

కొంప ఎక్కడుందని? అయినా ఆ కేకకి ఇసకలోంచి ఒక అరుపు వచ్చింది. మనిషి అరుపు కాదు. కీఁ అని, సన్నగా, కోపంగా. డేగ అరుపు. మొగాళ్ళు చేతులతో ఇసక తోడి, పడవ పైకెత్తారు. కింద ఒక గొంగళి. గొంగళిలో అసిరయ్య. అసిరయ్య ఒడిలో చిన్నమ్మి. అతని చేతులూ రొమ్మూ నిండా గోళ్ళ గీతలు.

"పిల్లలందరూ ఉన్నారా ఒదినా?" అన్నాడు.

"ఉన్నారు. అందరూ ఉన్నారు. నువ్వేటి, ముసలి పీతలాగ పడవ కింద కూకున్నావు? లెగు!" అని తిట్టి, ఏడ్చింది. ఆ ఏడుపు కూడా కొండ అవతలికి వినబడే ఉంటుంది.

అసిరయ్య గోడ కరిగి మట్టైపోయింది. కుండలు పెంకులైపోయాయి. ఈగలు ఎటుపోయాయో తెలీదు. అతను ఆ పెంకుల మధ్య కాసేపు కూర్చుని లేచాడు. ఆ రోజు నుంచి డేగని చేతి మీదికి పిలవలేదు. తిండి చేత్తో పెట్టలేదు. దాన్ని తీసుకెళ్ళి ఏటి అవతల వదిలి వచ్చాడు. అతను ఇంటికి వచ్చేసరికి అది ముందే వచ్చి, గుడిసెలో విరిగిన నిట్టాడు గుంజ మీద కూర్చుని, ఇంతసేపెక్కడికి పోయావని కీఁ అని కేకలేసింది. కొండ అవతల వదిలి వచ్చాడు. పొద్దుగూకేసరికి వచ్చేసింది.

మూడోసారి గొంగళి భుజాన వేసుకుని బయల్దేరాడు. "ఎన్నాళ్ళకి వస్తావు?" అంటే, "అది పోయినాక" అన్నాడు. ఏడు కొండల అవతల, కొండవాళ్ళ పల్లెల్లో, వాళ్ళు పోసిన అంబలి తాగుతూ చలికాలమంతా ఉన్నాడట. అది తనంతట తను కొట్టుకు తినేదాకా. రాత్రి అతని పక్కన కాకుండా చెట్టు మీద పడుకునేదాకా. మరో డేగ దాని కోసం వచ్చేదాకా.

ఈలోగా ఊరు మళ్ళీ లేచింది. కొత్త గోడలు పెడుతున్నప్పుడు, ఎర్రన్న కుమ్మరి దగ్గరికి వెళ్ళి ఒక కుండ తెచ్చాడు. అడుగున బెజ్జం పెట్టించాడు. పక్కకి పడుకోబెట్టి గోడలో కలిపేశాడు. పెళ్ళాం చంకలో చంటిపిల్లనెత్తుకుని పక్కనే నిలబడింది. "ఏటిది?" అని ఎవరూ అడగలేదు. మర్నాడు పక్కింటివాళ్ళూ తెచ్చారు. తర్వాత అందరూ తెచ్చారు.

జీడిమామిడి పూతకొచ్చిన రోజుల్లో అసిరయ్య తిరిగొచ్చాడు. గడ్డం పెరిగింది, చిక్కిపోయాడు. ఎడమ చెయ్యి అలవాటుగా ఇంకా మడిచే ఉంది. దాని మీద ఏమీ లేదు. వీధిలో నడుస్తూ ఒక గోడలో బెజ్జం చూశాడు. రెండో గోడలో చూశాడు. మూడో గోడ దగ్గర ఆగి, చెవి ఆనించాడు. లోపల పాడుతున్నాయి.

ఆ తర్వాత ఇంకొన్నేళ్ళు బతికాడు. ఊళ్ళో ఇంటింటి తేనెపట్టూ అతనే కోసేవాడు, మూడోది ఉంచేసేవాడు. కర్రతో డేగ బొమ్మ చెక్కి పసిరిక పిట్టల్ని బెదిరించేవాడు. అవి రెండు రోజులు భయపడి, మూడో రోజు ఆ బొమ్మ మీదే కూర్చునేవి. అతను పోయినప్పుడు ఊళ్ళో ఎవరూ పొయ్యి వెలిగించలేదు.

ఇప్పుడా గడ్డి ఇళ్ళు లేవు, డాబాలొచ్చాయి. అయినా మా వైపు కొత్త ఇల్లు కడితే ఈశాన్యం చూసుకున్నట్టే, కుండకి గోడలో చోటు చూసుకుంటారు. గాలివాన కబురు రేడియోలో వచ్చినా సెల్లులో వచ్చినా, కొండకి నడిచేముందు ఆడవాళ్ళు పూలు తీస్తారు, ఊళ్ళోకెల్లా వాగుడుకాయ ఎవరో చూసి ముందు నిలబెడతారు. దాన్ని అసిరయ్య నడక అంటారు. అప్పగింతలప్పుడు పిల్లని పట్టుకుని వదలని తండ్రి ఉంటే, పెద్దవాళ్ళు వెనక నుంచి భుజం తట్టి, "తాడు కొయ్యి నాయినా, తాడు కొయ్యి" అంటారు. ఎందుకంటారో కొందరికి తెలీదు. మీకు తెలిసింది కదా.

నేను అతన్ని ఆఖరుసారి చూసింది అతని కొత్త గుడిసెలో. మంచం పట్టాడు. మా అమ్మ గంజి ఇచ్చి పంపేది. అప్పటికి నేను వోణీలు వేసుకుంటున్నాను, ఏది అడగొచ్చో ఏది అడగకూడదో తెలిసే వయసే. అయినా ఊళ్ళో ఎవరూ అడగనిది అడిగేశాను.

"తాతా, చిన్నమ్మి మళ్ళీ ఎప్పుడైనా వచ్చిందా?"

అతను గంజి చివరి గుక్క దాకా తాగి, మూతి తుడుచుకున్నాడు. అత్తారింట్లో పిల్లని మెచ్చుకున్నారని విన్న తండ్రిలా మొహమంతా విప్పారింది.

"రానేదే గుంటా" అన్నాడు. "ఒక్కసారి కూడా రానేదు. ఎంత మంచి పిల్లో సూడు!"